ఫ్లాష్ లేని పెళ్లి

బందరు కోనేరు సెంటరుకి కాస్త ఇవతల, మందుల షాపు మేడ మీద గిరీష్ స్టూడియో ఉండేది. తొంభై ఏడు వేసవి దాకా అతను మామూలు ఫోటోగ్రాఫరు. పెళ్లికి వెళ్లేవాడు, ఫ్లాష్ కొట్టేవాడు, ఫోటోల్లో అందరి మొహాలూ కనిపించేవి, చూసినవాళ్లు సంతోషించేవారు. తాను ఇంత హీనమైన బతుకు బతుకుతున్నానని అప్పటివరకు అతనికి తెలియదు. ఆ సంగతి అతనికి తెలియజెప్పినవారు గుడివాడ మధుసూదనరావు గారు.

మధుసూదనరావు గారికి నందివాడలో పొలాలు, గుడివాడలో రైసుమిల్లు ఉన్నాయి. డబ్బున్నవాళ్లు బంగారం కొంటే ఆయన కెమెరాలు కొనేవారు. వాటిని తేమ తగలకుండా అద్దాల బీరువాలో పెట్టి, ఆదివారం ఆదివారం మెత్తటి గుడ్డతో తుడిచేవారు. వాటితో ఆయన ఫోటో తీయగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. కళ గురించి అంత తెలిసిన మనిషికి దాన్ని చేయాల్సిన అవసరం ఉండదు కదా.

మిల్లులో జరిగిన పూజ ఫోటోలు ఇవ్వడానికి వెళ్లిన గిరీష్‌ని ఆయన ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఫోటోలు ఒక్కొక్కటీ చూస్తూ నిట్టూర్చారు.

"ఇందులో హారతి వెలుగేదయ్యా?"

"వెనకాల కనిపిస్తోంది కదండీ, పళ్లెంలో."

"పళ్లెంలో కాదు. మా ఆవిడ మొహం మీద. ఆ వెలుగు పడి బంగారంలా ఉండాల్సిన మొహాన్ని ఫ్లాష్ కొట్టి సున్నం వేసిన గోడ చేశావు."

పక్కనే కాఫీ గ్లాసులు పెడుతున్న పుష్పావతి గారు వంగి చూశారు. "బానే ఉన్నాయండీ. నెక్లెస్ కూడా చక్కగా పడింది."

"నీకు తెలీదు," అన్నారు మధుసూదనరావు గారు, సున్నం వేసిన గోడతో.

తరవాత ఆయన బీరువా తెరిచి ఒక లెన్సు తీసి గిరీష్ చేతిలో పెట్టారు. ఇత్తడి చెంబంత బరువుంది. ముందరి గాజు ఎంత వెడల్పుగా ఉందంటే, అందులో గిరీష్‌కి తన మొహం తలకిందులుగా కనిపించింది.

"ఎఫ్ వన్ పాయింట్ టూ. మామూలు లెన్సు కిటికీ అయితే ఇది సింహద్వారం. ఎంత మసక వెలుతురైనా లోపలికి వచ్చేస్తుంది. ఒక్క కొవ్వొత్తి చాలు, ఫ్లాష్‌తో పనిలేదు." ఆ తరవాత కాస్త గొంతు తగ్గించి, "ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. ఇంత వెలుతురు రానిచ్చినప్పుడు లోతు ఉండదు. కన్ను మీద పెడితే కన్నే పడుతుంది, చెవి మసకేసిపోతుంది," అన్నారు.

గిరీష్ మొదటి భాగం విన్నాడు. రెండోది చెప్పేసరికి అతని కన్ను ఆ గాజులో మునిగిపోయి ఉంది.

లెన్సు ఇవ్వడానికి ఆయన ఒక షరతు పెట్టారు. గిరీష్ దగ్గరున్న రెండు ఫ్లాష్‌లూ తెచ్చి తనకి అప్పగించాలి. "అవి నీ ఇంట్లో ఉంటే ఎప్పటికైనా మళ్లీ వాడతావు. ఆ దరిద్రం నా దగ్గరే పడుంటుందిలే," అన్నారు. ఇంత త్యాగం చేసే మనిషిని గిరీష్ అంతకుముందు చూడలేదు. మర్నాడే బస్సెక్కి ఫ్లాష్‌లు ఇచ్చేసి లెన్సు తెచ్చుకున్నాడు.

అతని భార్య పూర్ణిమ స్టూడియో లెక్కలూ, ఆల్బమ్ అంటించడమూ చూసుకునేది. ఖాళీ అయిన సంచీ చూసి, "ఫ్లాష్‌లేవి?" అంది.

"ఇచ్చేశాను. ఇకమీదట వెలుతురుని ఉన్నది ఉన్నట్టే తీస్తాను."

"పెళ్లిలో కరెంటు పోతే?"

"అప్పుడే అసలు అందం."

ఆ అందం మొట్టమొదట పూర్ణిమకే దక్కింది. సాయంత్రం కరెంటు పోగానే గిరీష్ లాంతరు వెలిగించి, స్టవ్ దగ్గరున్న ఆమెని కదలొద్దనేవాడు. అతను లెన్సు మీది ఫోకస్ రింగు అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పేలోగా పాలు పొంగి స్టవ్ ఆరిపోయేది. ఆ ఫోటోల్లో ఆమె కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా పడ్డాయి.

"బాగుంది. మరి మిగతా నేనేదీ?" అంది పూర్ణిమ.

"అది బ్యాక్‌గ్రౌండ్," అన్నాడు గిరీష్.

జ్యేష్ఠమాసంలో నాగాయలంక నుంచి పెళ్లి పిలుపు వచ్చింది. అంకమ్మరావు అక్కడ చేపల వ్యాపారి. పడవల మీద వచ్చిన సరుకు కొని, ఐసు పెట్టెల్లో సర్ది బయటి ఊళ్లకి పంపుతాడు. అంతకుముందు ఆయన తమ్ముడి పెళ్లికి గిరీషే ఫోటోలు తీశాడు. అందులో అంకమ్మరావు మీసం పదునుగా పడిందని ఆయనకి గురి. ఇప్పుడు కూతురు కుమారి పెళ్లి. పెళ్లికొడుకు బందరు పక్కన గిలకలదిండిలో మరబోటు నడిపే నాంచారయ్య. అందరూ నాని అంటారు.

దీపాలు పెట్టేవేళ ముహూర్తం. ఇంటి ముందు పందిరి, పందిరి నిండా బల్బులు, పక్కన జనరేటరు. గిరీష్ మెడలో కెమెరా తప్ప ఏమీ లేకుండా వచ్చాడు. అంకమ్మరావు కాసేపు గమనించి దగ్గరికొచ్చాడు.

"ఏం బాబూ, మెరుపు రావట్లేదు?"

"ఇది కొత్త పద్ధతండి. దీనికి మెరుపు ఉండదు."

"జపాన్‌దా?"

"జపాన్‌దేనండి."

"అలాగా!" అని ఆయన మీసం సర్దుకుని వెళ్లిపోయాడు. జపాన్ మీద ఆయనకి రొయ్యల వ్యాపారం మొదలైనప్పటి నుంచీ గౌరవం.

చిక్కు బంధువులతో వచ్చింది. ఫ్లాష్ వెలిగితే ఫోటో అయిపోయిందని జనానికి అలవాటు. ఇక్కడ ఏమీ వెలగదు కాబట్టి, పెళ్లివారి పక్కన నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉండిపోయారు. ఊపిరి బిగబట్టి, కళ్లు పెద్దవి చేసి, "అయిందా?" అని పెదాలు కదలకుండా అడిగేవారు. అయిందంటే నమ్మేవారు కాదు. ఒక పెద్దాయన, తన ఫోటో తీయకుండానే దింపేస్తున్నారని అలిగి భోజనం మానేశాడు.

వీడియో భూషణం ఇంకో తలనొప్పి. అతని లైటు వెలిగిందంటే పందిట్లో మిట్టమధ్యాహ్నమే. తాళి కట్టే సమయానికి గిరీష్ ఆ లైటు ఆర్పించాడు.

"లైటు తీస్తే నాకు పడదండి," అన్నాడు భూషణం.

"పడుతుంది. వెలుతురు మీద నమ్మకం ఉండాలి."

భూషణానికి నమ్మకం లేదు గానీ, బందరు నుంచి వచ్చిన పెద్ద ఫోటోగ్రాఫరు చెప్పాక కాదనలేక ఆర్పేశాడు.

లైటు ఆరగానే పందిరి ఒక్కసారిగా చిన్నదైనట్టు, దగ్గరకి వచ్చినట్టు అనిపించింది. దీపపు సెమ్మెల వెలుగు కుమారి మొహం మీదకి పాకింది. గిరీష్ మోకాళ్ల మీద కూర్చుని రింగు తిప్పాడు. మసకలోంచి ఆమె కన్ను మెల్లగా తేలి వచ్చింది. అందులో దీపం వణుకుతోంది, దాని వెనక భయం. తల్లినీ, ఊరినీ, వెనక నిలబడ్డ వందమందినీ వదిలి, ఎవరో తెలియని మనిషి చేతులు మెడ వెనక్కి వస్తుంటే ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి మొహం ఎలా ఉంటుందో తాను ఎప్పుడూ చూడలేదని గిరీష్‌కి అప్పుడు తెలిసింది. ఆ పారవశ్యంలో రింగు సంగతి, పెళ్లికొడుకు సంగతి, పెళ్లి సంగతి కూడా మర్చిపోయి, రీలు అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

ఫోటోలు కడిగించి తెచ్చిన రోజు అతను వాటిని బల్ల మీద పరిచి చాలాసేపు చూసుకున్నాడు. పూర్ణిమ కూడా చూసింది.

"పెళ్లికొడుకేడండీ?"

"అదుగో."

"ఇది పొగ కదా?"

"పొగ కాదు. నాని."

పెళ్లికూతురి ఎడమ కన్ను అద్భుతంగా పడింది. తలంబ్రాల ఫోటోలో గాల్లో ఉన్న ఒక బియ్యపు గింజ అంతకంటే అద్భుతంగా పడింది. అది పోసిన చేతులు ఎవరివో చెప్పలేం. అత్తగారూ మామగారూ ఉన్న ఫోటోలో వాళ్ల ముందున్న కొబ్బరికాయ పీచుతో సహా తెలుస్తోంది. పైగా బల్బుల వెలుగుకి మనుషులంతా నలుగు పెట్టుకుని లేచివచ్చినట్టు పచ్చగా ఉన్నారు.

అయినా గిరీష్ ఆ ఆల్బమ్ పట్టుకుని నాగాయలంక వెళ్లాడు. ధైర్యం అనాలో ఇంకేమనాలో తెలియదు. అరుగు మీద అంకమ్మరావు, ఆయన అక్క కనకరత్నం, చుట్టూ బంధువులు కూర్చున్నారు. ఆ ఇంట్లో అంకమ్మరావు మీసం తిప్పితే, కనకరత్నం ఇల్లు తిప్పుతుంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ చూసింది, కళ్లజోడు తుడుచుకుంది, మళ్లీ చూసింది.

"ఒరే తమ్ముడూ, నాకు చూపు పోయిందో, వీళ్లకి మొహాలు పోయాయో చెప్పరా."

అంకమ్మరావు పేజీలు తిప్పాడు. "మా అల్లుడి మొహం ఏదయ్యా?"

"భావం చూడాలండి. ఆ కంట్లో దీపం చూడండి, ఎంత..."

"దీపం మా ఇంట్లో ఉంది. అల్లుడు కావాలి నాకు."

ఇంతలో కన్యాదానం పేజీ దగ్గర గొడవ మొదలైంది. కుమారి వెనక ఒక తెల్లటి ఆకారం ఉంది. అది తానేనని పెళ్లికూతురి చిన్నాన్న అన్నాడు. కాదు, ఆ పంచె తనదని మేనమామ అన్నాడు. తాను ఆ చోటే నిలబడ్డానని మూడో ఆయన ఒట్టేశాడు. ఎవరిదో చెప్పలేని ఆకారం కాబట్టి ఎవరి వాదనా కొట్టేయడానికి లేదు. ముగ్గురూ ఆ పూట మాటలు మానేసి లేచి వెళ్లిపోయారు.

పోనీ వీడియో అయినా ఉంది కదా అని క్యాసెట్ పెట్టారు. తాళి కట్టే ఘట్టం వచ్చింది. టీవీ తెర నిండా చీకటి. మేళం మాత్రం ఖంగుమని వినిపిస్తోంది. "గట్టిమేళం, గట్టిమేళం" అని ఎవరో అరిచారు. చీకట్లోనే పెళ్లైపోయింది.

అంకమ్మరావు టీవీ ఆపి తీర్పు చెప్పాడు. "పెళ్లి మళ్లీ చేస్తాం. నువ్వొచ్చి మళ్లీ తియ్యి. మెరుపు లేకుండా వచ్చావో, నిన్ను ఐసు పెట్టెలో వేసి బెజవాడ పంపుతా."

మెరుపులు గుడివాడలో ఉన్నాయి. గిరీష్ వెళ్లేసరికి మధుసూదనరావు గారు హాల్లో పేపరు చదువుతున్నారు. జరిగిందంతా విని జాలిగా తల ఊపారు. "వాళ్లకేం తెలుస్తుందయ్యా. నువ్వు కాలానికి ముందు పుట్టావు."

ఆయన ఓదారుస్తుండగా గిరీష్ చూపు టీపాయి మీది కొత్త ఆల్బమ్ మీద పడింది. కిందటి వారమే ఆయన కూతురు నవ్యశ్రీ నిశ్చితార్థం జరిగిందట. తెరిచి చూశాడు. ప్రతి ఫోటోలో ఫ్లాష్ వెలుగు. అందరి మొహాలూ సున్నం వేసిన గోడల్లా ధగధగలాడుతున్నాయి.

"ఇదేంటండీ?"

మధుసూదనరావు గారు పేపరు కొంచెం పైకెత్తారు. "బెజవాడ ఫోటోగ్రాఫరులే. అతని ఫ్లాష్ పాడైతే నీవి రెండూ ఇచ్చాం. బాగానే పనిచేస్తున్నాయి."

"అందరూ చక్కగా పడ్డారు బాబూ," అన్నారు పుష్పావతి గారు.

"హారతి వెలుగో?" అన్నాడు గిరీష్.

"ఆడపిల్ల పెళ్లితో ప్రయోగాలు చేస్తామటయ్యా!" అని పేపరు వెనక నుంచి జవాబు వచ్చింది.

గిరీష్ తన ఫ్లాష్‌లు తాను సంచీలో వేసుకుని, లెన్సు సంగతి ఎత్తకుండానే బస్సెక్కాడు. దారి పొడుగునా అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తేలకుండానే బందరు వచ్చేసింది.

ఈలోగా ఆషాఢమాసం ప్రవేశించింది. కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వచ్చేసింది. నెలంతా అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మరి ఫోటోలెలా? అంకమ్మరావు పంతులు గారిని పిలిపించాడు. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించి, "పెళ్లికి మాసం ఉంది గానీ ఫోటోకి మాసం లేదు. గడప తొక్కకుండా ఐసు షెడ్డు ముందు పందిరి వేయించండి," అన్నారు. శాస్త్రం అంత సులువుగా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు.

షెడ్డు ముందు పందిరి లేచింది. బయల్దేరమని కబురు అందేలోపే బయల్దేరినట్టు, అందరికంటే ముందు నాని దిగాడు. తలకి నూనె పెట్టి, జేబురుమాలుకి సెంటు కొట్టుకుని వచ్చాడు. పట్టుచీరలో కుమారి వచ్చి పీట మీద కూర్చుంది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఫక్కున నవ్వారు.

"తాళి ముడి వేయకు నాయనా, ఊరికే పట్టుకో," అన్నారు పంతులు గారు. నాని ఆమె మెడ వెనక చేతులు పెట్టి చెవిలో ఏదో అన్నాడు. కుమారి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్లాష్ ఫెళ్లున వెలిగింది. "అమ్మయ్య!" అన్నాడు అంకమ్మరావు.

"ఏమే, పెళ్లిలో ఎవరైనా ఇకిలిస్తారటే? మొహం దించు," అని కనకరత్నం కసిరింది. కుమారి మొహం దించి నవ్వింది.

అన్నీ అయ్యాక గిరీష్ సామాను సర్దుకుంటుంటే నాని పక్కకి చేరాడు.

"అన్నయ్యా, ఈసారి ఫోటోలు ఎలా వస్తాయంటారు?"

"భేషుగ్గా వస్తాయి."

నాని మొహం వాడిపోయింది. "అన్నీ వస్తాయా?"

"అన్నీను."

"ఒక రీలైనా... పోయినసారిలా... కుదరదాండీ? ఆషాఢం ఇంకా చాలా ఉంది."

గిరీష్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక రోషం వచ్చింది. "నన్ను పని చెడగొట్టమంటావా?"

"పోయినసారి ఎవరూ అడక్కుండానే చెడగొట్టారు కదండీ. ఈసారి మేం అడుగుతున్నాం," అన్నాడు నాని ఎంతో మర్యాదగా.

గిరీష్ ఇంటికొచ్చి ఈ ఘోరం పూర్ణిమకి చెప్పాడు. ఆమె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "చెడగొట్టండి. ఇన్నాళ్లకి మీ పనితనం కావాలని ఒకళ్లడిగారు."

తలంబ్రాల రీలుకి వెలుతురు తగిలి పాడైందని అంకమ్మరావుకి కబురు వెళ్లింది. ఆయన తిట్టిన తిట్లు ఫోన్‌లోంచి మందుల షాపు దాకా వినిపించాయట. నిజంగా చెడగొట్టినప్పుడు తలెత్తి వాదించిన గిరీష్, అబద్ధంగా చెడగొట్టినందుకు మాత్రం తలొంచుకుని అన్నీ పడ్డాడు. మళ్లీ పందిరి, మళ్లీ పీటలు. ఈసారి చుట్టుపక్కల ఊళ్ల బంధువులు కూడా దిగారు. చేపల పులుసు ఉంటుందని తెలిసిపోయింది.

తలంబ్రాలు అయ్యాక కనకరత్నం గిరీష్‌ని షెడ్డు పక్కకి పిలిచింది. కళ్లజోడు పైనుంచి చూసింది.

"రీలు నిజంగానే పాడైందా?"

గిరీష్ కెమెరా పట్టీ సర్దుకున్నాడు.

"చేతగానివాడివనుకున్నా. తోడుదొంగవన్నమాట."

"అమ్మా, మీ తమ్ముడికి..."

"వాడికి చెప్పడానికి నాకేం పని. మా ఆయన ఆషాఢంలో వల తెగిందనీ, దారం కావాలనీ మా ఊరొచ్చేవాడు. ఆ దారంతో ఊరంతటికీ వలలు అల్లొచ్చు." ఆవిడ ఒక్క క్షణం ఎటో చూసింది. తరవాత కళ్లజోడు సర్దుకుంది. "మరోసారి మాత్రం వద్దులే. పులుసుకి మావాడు దివాలా తీస్తాడు."

పొద్దు వాలింది. బంధువులు విస్తళ్ల దగ్గరున్నారు. షెడ్డు వెనక కృష్ణ ఒడ్డున బోర్లించిన పడవ మీద కుమారీ నానీ కూర్చున్నారు. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆమె కాళ్లు ఊపుతోంది. నాని ఏదో చెబుతున్నాడు, ఆమె కాదంటోంది. నీళ్ల మీద మిగిలిన కాస్త వెలుతురే వాళ్ల మొహాల మీద ఉంది.

గిరీష్ ఫ్లాష్ ఊడదీసి సంచీ అడుగునున్న లెన్సు తీశాడు. దగ్గరికి వెళ్లబోయి, ఆగి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. కదలొద్దని అనలేదు. రింగు మెల్లగా తిప్పుతూ, ఇద్దరూ ఒక గీత మీదకి వచ్చేదాకా కాచుకున్నాడు. వాళ్లు వంగి ఒకే మాటకి నవ్వినప్పుడు ఒక్కసారి నొక్కాడు. ఎవరూ "అయిందా?" అని అడగలేదు.

పెళ్లి ఆల్బమ్ అంకమ్మరావుకి బాగా నచ్చింది. ప్రతి పేజీలో ఆయన మీసం ఉంది. కూతురి పెళ్లి ఎవరైనా ఒక్కసారే చేస్తారనీ, తాను మూడుసార్లు చేశాననీ వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేవాడు. పెళ్లికూతురు అంతలా నవ్వడమేమిటని ముసలమ్మలు మాత్రం బుగ్గలు నొక్కుకున్నారు. ఆ తెల్లటి ఆకారం తమదేనన్న ముగ్గురూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదని విన్నాను.

శ్రావణంలో కుమారి గిలకలదిండి కాపురానికి వచ్చాక, గిరీష్ ఆ పడవ ఫోటో పెద్దది చేయించి స్వయంగా పట్టుకెళ్లాడు. ఇద్దరూ తలలు ఆనించుకుని చూశారు. నాలుగు కళ్లూ స్పష్టంగా పడ్డాయి.

"మీ చెవి రాలేదే," అంది కుమారి.

"పోతే పోనీ. ఉన్నా నీ మాట వింటానా ఏంటి?" అన్నాడు నాని.

కుమారి అతని అసలు చెవి పట్టుకుని మెలిపెట్టింది.